ఉద్యోగానికీ మూడు ఆదివారాలు

మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివేవారు. ఆరాధన ముగిసే ముందు పాస్టరు అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని, ఫలానా ఊరివారి కుమారునికీ, మన సంఘంలోని ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైందనీ, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపవచ్చుననీ చదివి కాసేపు ఆగేవారు. ఆ ఆగడమే అసలు సంగతి. చాపల మీద కూర్చున్న మేమంతా ఊపిరి బిగబట్టి వెనక్కి తిరిగి చూసేవాళ్లం. మామూలుగా ఎవరూ లేచేవారు కాదు. నాకు గుర్తున్నంతలో ఒక్కసారే ఒకామె లేచింది. నిమ్మనపల్లె నుంచి పనిగట్టుకుని వచ్చినామె. పెళ్లికొడుక్కి ఇదివరకే ఒక ఇల్లాలు ఉందని చెప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. పెళ్లికూతురి తల్లి ఆ రోజు గుండెలు బాదుకుంది. తర్వాత మాత్రం ప్రతి క్రిస్మసుకూ నిమ్మనపల్లె ఆమెకు చీర పంపేది.

పెళ్లికి ఇంత కాపలా పెట్టుకున్న మేము, ఉద్యోగం పేరుతో బిడ్డను ఊరు దాటించేటప్పుడు మాత్రం తలుపు బార్లా తెరిచి కూర్చున్నాం. డెబ్బైల చివర మా అక్క విషయంలో అదే జరిగింది.

మా నాయన మదనపల్లెలో ఉపదేశి. పాస్టరు అయ్యగారి కింద పని చేస్తూ, చుట్టుపక్కల పల్లెలకు సైకిలు మీద పోయి వాక్యం చెప్పేవాడు. పెద్దమండ్యం వైపు పోతే రెండు మూడు రోజులకు గాని తిరిగి వచ్చేవాడు కాదు. ఇంట్లో అమ్మ, నాయన తల్లి అయిన అవ్వ, అక్క, నేను. అక్క చర్చి మిషను వాళ్ల కుట్టుబడిలో రెండేళ్లు నేర్చుకుంది. ఆమె చేతిలో గొప్పతనమంతా కాలరు దగ్గర ఉండేది. చొక్కా కాలరు కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. కుట్టుబడి టీచరమ్మ ఆ కాలర్లను వచ్చినవాళ్లందరికీ చూపించేది. అక్కకు ఒకటే ఆశ: బెంగుళూరులో కొత్తగా వస్తున్న చొక్కాల కంపెనీల్లో ఏదో ఒకదానిలో కాలరు మిషను ముందు కూర్చోవాలి. నెలనెలా నాయనకు కొత్త చెప్పులు పంపిస్తానని అనేది. "నెలకొక జత యాలమ్మా, నేను జెర్రినా?" అని నాయన నవ్వేవాడు.

మొదట వచ్చింది మా ఊరి మేస్త్రి. ముస్లిం. కుట్టేవాళ్లను వెతికి బెంగుళూరు కంపెనీలో చేర్పించేవాడు. ఆయన మా వాకిట్లో నిలబడి, బీడీ వీధిలో పారేసి లోపలికి వచ్చిన సాయంత్రం నాకు బాగా జ్ఞాపకం.

"ఉపదేశయ్యా, మీ పెద్దమ్మాయి కుట్టిన కాలరు సూసినా. చెయ్యి బాగుండాది. షర్టు కంపెనీలో ఆడపిల్లోళ్లని తీసుకుంటాండారు. పంపిస్తారా?"

"పని ఎట్లుంటాది సాయిబూ?" అని నాయన అడిగాడు.

"కష్టంగా ఉంటాది."

అంతే అన్నాడు. నాయన ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాడు. మేస్త్రి వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు.

"పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా నడుము ఎత్తనీరు. మొదట్లో నేర్చుకునే కూలే ఇస్తారు, నిండు కూలి ఇయ్యరు. సూపర్వైజరు తిడ్తాడు. ఆడోళ్లని గూడా తిడ్తాడు, వాడికి నోరు మంచిది కాదు. ఒక రూములో ఐదారుమంది పడుకోవల్ల. నీళ్లకు లైను నిలబడల్ల."

అమ్మ తలుపు చాటునుంచి, "ఏమప్పా, పనికి పిలిచేదానికొచ్చినావా, జడిపించేదానికొచ్చినావా?" అంది.

"రెండిటికీ తల్లీ" అని ఆయన నవ్వాడు. "ఈడ చెప్తే ఆడికొచ్చి ఏడవరు. ఆడికొచ్చి ఏడిస్తే అందరూ నన్నే తిడ్తారు. నాకు మీరేమీ ఇయ్యొద్దు, మనిషిని చేరిస్తే కంపెనీ ఇస్తాది. ఒక పని సేయండి. అమ్మాయిని తోడుకోని మీరే రండి. కంపెనీ సూడండి. మన ఊరి పిల్లోళ్లు ఆడ ఉండారు, నేను లేనప్పుడు వాళ్లని అడగండి. బాగుంటే ఉండండి. లేకుంటే బస్సెక్కి వచ్చేయండి, ఖుదా హాఫిజ్."

ఆయన వెళ్లిపోయాక అమ్మ, "ఆ మనిషి నోట్లో ఒక్క మంచిమాట లేదు" అంది. నాయన తల ఊపాడు. మన సంఘం కాదు, మన విశ్వాసం కాదు, బీడీలు తాగే మనిషి చేతిలో బిడ్డను ఎట్లా పెట్టేది అన్నాడు. ప్రార్థన చేసి చెబుతామని కబురు పంపాడు. మా ఇంట్లో ఆ మాటకు వద్దని అర్థం. మేస్త్రికీ ఆ అర్థం తెలుసనుకుంటాను. మళ్లీ రాలేదు.

పనికి పిలిచే మనిషి గురించి తెలుసుకోవలసినవన్నీ ఆయన అడగకుండానే మా ముందు పెట్టాడు. తన కూలి ఎవరిస్తారో చెప్పాడు. ఆ పనిలో చెడ్డ ఏమిటో చెప్పాడు. తాను లేనప్పుడు విచారించుకోమన్నాడు. మేము ఆయన వీధిలో పారేసిన బీడీని చూశాం.

రెండో మనిషి పుంగనూరు నుంచి వచ్చాడు. మా వీధిలో ఒకరింట్లో ప్రార్థన కోసం జరిగిన గృహకూడికకు ఎవరో తోడుకొచ్చారు. తెల్లని చొక్కా, చంకలో నల్లట్ట వాక్యగ్రంథం. పాట ఎత్తుకుంటే కంఠం తేనెలా ఉండేది. మేమంతా మొదటి చరణం దాటితే పుస్తకం వెతుక్కునేవాళ్లం. ఆయన నాలుగో చరణం కూడా కళ్లు మూసుకుని పాడాడు. నాయనకు ఆ రాత్రే ఆయన మీద గురి కుదిరింది. పాస్టరు అయ్యగారికి కూడా నాలుగో చరణం రాదని నాయన ఇంటికొచ్చి రహస్యంగా చెప్పాడు.

మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చి మోకాళ్లూని ప్రార్థించి, తర్వాత సంగతి చెప్పాడు. పుంగనూరులో సైకిలు షాపు మీది గదిలో తనకు ఆఫీసు ఉందట. విశ్వాసుల బిడ్డలకు పనులు ఇప్పించడమే తన పరిచర్య అట.

"బెంగుళూరులో ఒక దుస్తుల కంపెనీ సహోదరుడా. యజమాని దైవభక్తి కలవారు. ప్రార్థనతోనే పని మొదలవుతుంది. మన బిడ్డలే కావాలని నన్ను అడిగారు. నిన్ననే పిలుపు వచ్చింది. గురువారం బయలుదేరాలి."

పిలుపు. ఆ మాట దగ్గరే మేము పడిపోయాం.

బయటివాళ్లకు పిలుపు అంటే పేరంటానికో పెళ్లికో పిలవడం. మా సంఘంలో ఆ మాటకు వేరే బరువు ఉండేది. దేవుడు ఒక మనిషిని ఒక పనికి పేరు పెట్టి పిలవడం అన్నమాట. నాయన ఉపదేశి అయింది అట్లాంటి పిలుపుతోనే. గుడిలో పడుకున్న పిల్లవాడిని రాత్రిపూట దేవుడు పిలిచిన వాక్యగ్రంథంలోని వృత్తాంతం ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రసంగం. పిలుపు వచ్చినప్పుడు లేచి నిలబడాలి గానీ ప్రశ్నలు అడగరాదని పల్లెపల్లెకూ చెప్పేవాడు. ఆ పుంగనూరు ఏజెంటు చెప్పింది కంపెనీ పిలుపు. నాయన పై నుంచి వచ్చిన పిలుపు విన్నాడు. ఆయన కళ్లు చెమర్చడం నేను చూశాను.

ఏజెంటు అక్కను పిలిచి నాలుగు మాటలు అడిగాడు. వయసెంత, పెళ్లి ఏమైనా కుదిరిందా, జబ్బులేమైనా ఉన్నాయా, బరువులు ఎత్తగలదా.

"రెండు బిందెలు ఒక్కసారే మోస్తాదప్పా మా బిడ్డ" అని అమ్మ గర్వంగా చెప్పింది.

అక్క తాను కుట్టిన చొక్కా తెచ్చి చేతుల్లో పట్టుకుని నిలబడింది. ఆయన దాని వైపు చూడలేదు. కాలరు గురించి ఒక్క మాట అడగలేదు. కుట్టేవాళ్ల కోసం వచ్చినవాడు కుట్టు చూడడేమిటన్న అనుమానం మాలో ఒక్కరికీ రాలేదు. అక్క చొక్కాను మళ్లీ మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంది.

అనుమానం వచ్చింది అవ్వకు ఒక్కదానికే. మూలన కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ అంతా వింటోంది.

"ఏమప్పా, ఎట్ల పోతారు?" అంది.

"కుప్పంలో రైలెక్కుతాం అమ్మగారూ."

"కుప్పం యాల? మదనపల్లెలో ఎక్కితే నేరుగా బెంగుళూరులో దింపే బస్సు ఉండాది గదా. ముక్కు పట్టుకునేదానికి తల చుట్టూ చెయ్యి తిప్పినట్ల పుంగనూరు, పలమనేరు, కుప్పం అంతా యాల తిరగల్ల?"

"దారిలో ఇంకా కొందరు బిడ్డలు కలుస్తారమ్మా. అందరం కలిసి ప్రార్థించుకుంటూ వెళ్తాం."

అవ్వ ఒలిచిన గింజలు చాటలో వేసి నాయన వైపు తిరిగింది.

"ఒరే, పెండ్లికైతే మూడు ఆదివారాలు పేరు చదివి అడగతారు గదా. ఈయప్ప పేరు గూడా సంఘంలో చదివించు. తెలిసినోళ్లు ఉంటే చెప్తారు."

అందరూ నవ్వారు. ఏజెంటు అందరికన్నా హాయిగా నవ్వాడు. నాయన సిగ్గుపడుతూ, "అమ్మా, ఇదేమన్నా పెండ్లా?" అన్నాడు.

"పెండ్లయితే అత్తగారిల్లు యాడుందో అన్నా తెలుస్తాది గదరా" అంది అవ్వ.

"అమ్మగారూ, గురువారం దాటితే పిలుపు వేరేవాళ్లకు పోతుంది" అని ఏజెంటు మెల్లగా అన్నాడు. ఆ గొంతులో నిజమైన బాధ ఉన్నట్టే అనిపించింది. నాయన ఇక ఆలోచించలేదు.

గురువారం నాయన, అక్క, నేను ఏజెంటు వెంట బయలుదేరాం. పుంగనూరులో దిగి సైకిలు షాపు మీది గది చూశాం. ఒక బల్ల, ఒక బెంచీ, గోడ మీద గొర్రెల కాపరి బొమ్మ ఉన్న క్యాలెండరు. నాయన ఆ బొమ్మ చూసి తృప్తిగా తల ఊపాడు. అక్కణ్నుంచి పలమనేరు, బైరెడ్డిపల్లె. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు. వాళ్లలో ఒకామెను అక్క, "నువ్వేం కుడతావు?" అని అడిగింది. ఆ పిల్ల అయోమయంగా చూసి, "నాకు కుట్టు రాదక్కా. వంటపని అన్నారే?" అంది. ముందు సీటులోంచి ఏజెంటు తల తిప్పి, "ఒక్కొక్కరికి ఒక్కొక్క వరం అమ్మా" అన్నాడు. మాకు అది కూడా వాక్యంలాగే వినిపించింది.

కుప్పం స్టేషనులో గాలి చల్లగా ఉంది. ప్లాట్‌ఫారం మీద తమిళం, కన్నడం, తెలుగు కలిసిపోయి వినిపిస్తున్నాయి. అక్క ట్రంకుపెట్టె మీద కూర్చుని, గుడ్డలో చుట్టిన తన కత్తెరను ఒళ్లో పెట్టుకుంది. కుట్టుబడి ముగిసినప్పుడు టీచరమ్మ ఇచ్చిన కత్తెర అది. ఏజెంటు చూసి, "అది అక్కర్లేదమ్మా, అక్కడ అన్నీ ఉంటాయి" అన్నాడు.

"నా చేతికి అలవాటైంది గదా" అంది అక్క.

"వద్దమ్మా. చెల్లెలికి ఇచ్చెయ్యి."

అక్క ఒక క్షణం నాయన వైపు చూసి, కత్తెర నా చేతికిచ్చింది. నాయన ప్లాట్‌ఫారం మీదే టోపీ తీసి, అందరూ చూస్తుండగా గట్టిగా ప్రార్థన చేశాడు. పిలుపును అంగీకరించిన బిడ్డ అన్నాడు. రైలు వచ్చి అక్కను తీసుకుపోయింది.

కొన్ని నెలలు గడిచాయి. ఏజెంటు వచ్చినప్పుడల్లా అక్క క్షేమమే అని చెప్పి, ప్రార్థించి పోయేవాడు. ఒకరోజు నాయన బస్టాండు దగ్గర ఒక టైలరు షాపు ముందు మేస్త్రికి ఎదురుపడ్డాడు. వెంట నేనున్నాను.

"అమ్మాయి ఏ కంపెనీలో చేరింది ఉపదేశయ్యా?" అని ఆయన మామూలుగా అడిగాడు.

నాయన ఏజెంటు చెప్పిన పేరు చెప్పాడు.

మేస్త్రి ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఆ పేరుతో కుట్టు కంపెనీ లేదే. కొత్తదేమో. యాడుందంట? ఏ బస్సు దిగి పోవల్లంట?"

నాయన సైకిలు హాండిలు నా చేతికిచ్చాడు. మేస్త్రి, "నేను చెప్పలేదా" అనలేదు. "అరే, కూర్చోండి అప్పా, టీ తాగండి" అని స్టూలు ముందుకు జరిపాడు. నాయన కూర్చోలేదు. నేరుగా పుంగనూరు బస్సు ఎక్కాడు.

ఏజెంటు ఎక్కడికీ పారిపోలేదు. ఆ గదిలోనే, ఆ క్యాలెండరు కిందే ఉన్నాడు. కంపెనీలో ఖాళీలు నిండిపోయాయనీ, అందుకని ఒక గొప్ప కుటుంబంలో పెట్టాననీ, అది కూడా ప్రభువు చిత్తమేననీ చెప్పాడు. ఆ కుటుంబం తనకు ఏమిచ్చిందో చెప్పలేదు. ప్రార్థన చేద్దాం సహోదరుడా అన్నాడు. నాయన జీవితంలో మొదటిసారి ప్రార్థన మధ్యలో లేచి బయటికి వచ్చేశాడట. ఇల్లు ఎక్కడుందో చెప్పేదాకా మెట్ల మీద కూర్చున్నాడట.

తర్వాత జరిగింది అక్క నాకు చాలా ఏళ్లకు చెప్పింది. అది బెంగుళూరులో పెద్ద తోట ఉన్న ఇల్లు. పక్షవాతంతో మంచంలో పడిన ముసలామె, పనులమీద తిరిగే కొడుకు, కోడలు. ముసలామెను ఎత్తడం, తుడవడం, తినిపించడం అక్క పని. బరువులు ఎత్తగలదా అని అడిగింది అందుకు. అక్కను కొట్టలేదు, పస్తు పెట్టలేదు. గేటు మాత్రం దాటనీలేదు. ఇంటికి పోతానంటే, మీ ఏజెంటును అడుగు అనేవారు. ఏజెంటు వచ్చినప్పుడు అడిగితే, ఇంటివారిని అడగమనేవాడు.

నాయన వెళ్లి గేటు దగ్గర గొడవపడి లోపలికి పోయేసరికి అక్క ముసలామెను గోడకు ఆనించి కూర్చోబెడుతోంది. నాయన, "పద బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు.

అక్క కదల్లేదు.

"ఈమెను ఎత్తేదానికి ఎవరూ లేరు నాయనా. నేను పోతే రెండు రోజుల్లో ఒళ్లు పుండ్లు పడతాది."

"ఇది మోసం బిడ్డా. ఇది పిలుపు కాదు."

"కాదని నాకు తెలుసు నాయనా. కానీ ఈమె పిలస్తాంది. దినమంతా పిలస్తాంది."

ఆ ముసలామెకు మాటలన్నీ పోయి ఒక్క కన్నడ మాట మిగిలిందట. బా. రా అని అర్థం. నాయన అక్కడ నిలబడ్డంతసేపూ ఆమె అక్క కొంగు పట్టుకుని బా, బా అంటూనే ఉందట. ఇంటివాళ్లు గేటు మీద తాళం తీసేశారు, ఎప్పుడు పోవాలన్నా పోవచ్చని నాయన ముందు ఒప్పుకున్నారు. అక్క మాత్రం ఆమె కన్ను మూసేదాకా ఉండిపోయింది. రెండేళ్లకు పైనే.

మా సంఘంలో కొందరు, చూశారా దేవుడు చెడును కూడా మేలుకు మళ్లించాడు అన్నారు. దేవుడు మళ్లించగలడని నేనూ నమ్ముతాను, అణువంత సందేహం లేకుండా నమ్ముతాను. అయితే మళ్లించినవాడికి మహిమ ఇవ్వడం వేరు, దారి తప్పించినవాడి లెక్క కొట్టేయడం వేరు. మా వాళ్లు మొదటిది చేస్తూ రెండోది కూడా చేసేశారు. ఏజెంటు మరి కొంతకాలం ఆ గదిలోనే ఉండి, ఎక్కడెక్కడి పల్లెల్లోనో నాలుగో చరణం పాడుతూ బతికాడు.

అక్క తిరిగి వచ్చేసరికి అవ్వ లేదు. నేను కత్తెర తెచ్చి ఇచ్చాను. ఆమె కుట్టుబడిలో మిషను ముందు కూర్చుని ఒక కాలరు కుట్టింది. కొసలు రెండూ కలిపి, తేడా చూసి నవ్వి, విప్పేసింది. మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పింది. మేస్త్రిని అడుగుదామని నాయన తనే పోయాడు. కంపెనీలవాళ్లు ఇప్పుడు చేయి ఆగకుండా కుట్టే చిన్నవయసు పిల్లల్ని అడుగుతున్నారని ఆయన నొచ్చుకుంటూ చెప్పాడు. ఆనాడు ఆయన వెంట పోయిన మా ఊరి పిల్లల్లో ఒకామె అప్పటికి సూపర్వైజరు అయింది. "ఇప్పుడు ఆమే తిడ్తాంది అందర్నీ" అన్నాడు. నాయన నవ్వడానికి ప్రయత్నించాడు.

గుడిలో పడుకున్న పిల్లవాడి ప్రసంగాన్ని నాయన మానేశాడు. ఎన్నో ఏళ్లు ఆ పుట దాటి తిప్పేవాడు.

ఎనభైల నడుమ నా వంతు వచ్చింది. నేను టైపు నేర్చుకుని పరీక్ష పాసయ్యాను. మా టైపు ఇన్‌స్టిట్యూటుకు బెంగుళూరు నుంచి ఒకామె వచ్చింది. ఆఫీసులకు టైపిస్టులను కుదిర్చే ఏజెన్సీ ఆమెది. గట్టి మనిషి, బొట్టు పెద్దది, మాట కరుకు. నా చేత టైపు చేయించి, తప్పుల కింద ఎర్రగీతలు కొట్టి, "స్పీడు చాలదు, అయినా పనికొస్తావు" అంది. ఇంటికి వచ్చి నాయనతో మాట్లాడింది. నాయన అంతా విని అడిగాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ పేరు మా సంఘంలో మూడు ఆదివారాలు చదివిస్తాము. అంతవరకు ఆగతారా?"

"చదివి?"

"మీ మీద ఎవరికన్నా అభ్యంతరం ఉందేమో అడగతాము."

ఆమె మొదట తెల్లబోయింది. తర్వాత గట్టిగా నవ్వేసింది. "నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారండీ! సరే, చదవండి. నేను కుదిర్చిన వాళ్లు మీ తాలూకాలో కూడా ఉన్నారు, వాళ్లకీ చెప్పండి. మూడు వారాలకు ఉద్యోగం పోతే ఇంకోటి చూస్తాను."

నేను అవ్వ కూర్చునే మూల వైపు చూశాను. నాయన కూడా అటే చూస్తున్నాడు.

పాస్టరు అయ్యగారు మొదట ఇది ఆచారం కాదన్నారు. నాయన, "ఆచారం లేకే నా బిడ్డ పోయింది అయ్యగారూ" అన్నాడు. ఆయన మారుమాట్లాడకుండా చదివారు. ఆ మొదటి ఆదివారం వాక్యం చెప్పే వంతు నాయనది. ఆయన మళ్లీ గుడిలో పడుకున్న పిల్లవాడి పుట తెరిచాడు. పిలుపు వచ్చినప్పుడు ఆ పిల్లవాడు మొదట తప్పు మనిషి దగ్గరికి, గుడిలోని ముసలి యాజకుడి దగ్గరికి, పరుగెత్తాడనీ, ఆ యాజకుడు నేను పిలవలేదు పోయి పడుకో అన్నాడనీ, పిలిచిందెవరో ఆయనకైనా మూడోసారికి గాని తెలియలేదనీ చెప్పాడు. దేవుడు విసుక్కోలేదు, మళ్లీ పిలిచాడు అన్నాడు. నిజమైన పిలుపు ఆగుతుంది అన్నాడు. ఇన్నేళ్లూ ఆ పుటలోనే ఉన్న ఆ మాటను తాను చదవనే లేదని చెప్పి, పుస్తకం మూసి కూర్చున్నాడు. నేను వెనక వరుసలో అక్క పక్కన ఉన్నాను. అక్క తల వంచుకుని తన కొంగు కొస మడతపెడుతోంది, విప్పుతోంది.

మూడో ఆదివారం అయ్యగారు చదివి ఆగారు. అక్క లేచి నిలబడింది. అందరూ వెనక్కి తిరిగారు.

"అభ్యంతరం కాదు అయ్యగారూ. నేనొకసారి పోయి సూసొస్తా. అంతవరకు ఒప్పుకున్నామని చెప్పొద్దండి."

తానే నేరుగా పోయే బస్సు ఎక్కి బెంగుళూరు పోయి, మర్నాడు సాయంత్రానికి తిరిగి వచ్చింది. అమ్మ కాళ్లకు నీళ్లు ఇస్తూ ఏం చూశావని అడిగింది. ఆఫీసు చూశాననీ, పిల్లలు అన్నం తినే చోటు చూశాననీ, హాస్టలు చూశాననీ అక్క చెప్పింది. ఆ ఏజెన్సీ ఆమె పెట్టిన ఒక పిల్లను బయట కలిసి మాట్లాడిందట.

"ఏమడిగినావు?" అన్నాను.

"ఇంటికి పోవల్లంటే ఎవర్ని అడగల్ల, అని అడిగినా."

"ఏమంది?"

"ఆ పిల్లకు నేనేం అడగతాండానో అర్థమే కాలే." అక్క నీళ్ల చెంబు అమ్మకు తిరిగి ఇచ్చింది. "యాల అడగల్లక్కా, బస్సెక్కి పోతా, అనింది. నువ్వు చేరుపో."

నేను బయలుదేరిన రోజు అక్క, నాయన మదనపల్లె బస్టాండుకు వచ్చారు. నాయన ఈసారి టోపీ తీయలేదు, గట్టిగా ప్రార్థించలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. బస్సు వచ్చి ఆగింది. ముందు అద్దం మీద పెద్ద అక్షరాలతో బెంగుళూరు అని రాసి ఉంది. నాయన కండక్టరు దగ్గరికి పోయి అడిగాడు.

"అప్పా, ఇది నేరుగా బెంగుళూరు పోతాదా?"

"బోర్డు కనపళ్లేదా పెద్దాయనా? ఇంతలావు రాసి ఉండాది."

"కనపడతాంది నాయనా" అన్నాడు మా నాయన. "అయినా అడగతాండా."